నాన్నగారి పాత నూలు డేరా వానకు కారుతోంది, ఇంట్లో దొరికే వాటితో ఆపొచ్చా?

మిద్దెమీద_డేరా · కేఆర్ పురం, బెంగళూరు · సెప్టెంబరు 5, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కాలువల సర్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఫీల్డులో ఏళ్ల తరబడి పడుకున్న డేరాను 1986లో ఆఫీసు వేలంలో పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, మందపాటి నూలు కాన్వాసు. రెండు వెదురు గుంజలు, పైన ఒక వెన్నుకర్ర. అనంతపురం ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది.

మడతలు విప్పి చూశాను. ఎలుక కొరికిన చోటు ఒక్కటే, అరచేయంత. కింది అంచుల్లో బూజు మచ్చలున్నాయి. రెండు చేతులతో గట్టిగా లాగినా గుడ్డ చిరగలేదు. వాసన పోవాలని డిటర్జెంట్ పౌడర్ వేసి ఉతికించాను. మొన్న మిద్దె మీద వేస్తే పావుగంట వానకే లోపల చుక్కలు పడ్డాయి. వెన్నుకర్ర కింద అయితే ధారే.

దసరా సెలవుల్లో హార్స్‌లీ హిల్స్ కింద మా బావమరిది మామిడి తోటలో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. ఇందులో ఇంకొక్కసారి పడుకుంటానని నాన్నగారే అడిగారు. ఆయనకు 82. అందుకని కొత్త టెంటు కొనుక్కోమని మాత్రం చెప్పకండి. అంగట్లో మామూలుగా దొరికే వాటితో దీన్ని వానకు ఆపే దారి ఉంటే చెప్పండి.

వీకెండ్_ట్రెక్కర్ · వైట్‌ఫీల్డ్ · రాత్రి 9:48

అన్నా, రెండు పద్ధతులున్నాయి. ట్యూబుల్లో వచ్చే సిలికాన్ సీలెంట్‌ను పెయింటు అంగట్లో దొరికే మినరల్ టర్పెంటైన్‌లో పల్చగా కలిపి బ్రష్షుతో పూసేయడం ఒకటి. నా టెంటు మీద కప్పే నైలాన్ ఫ్లైషీటుకు అలాగే చేశాను, రెండేళ్లుగా చుక్క దిగలేదు. లేదంటే కొవ్వొత్తులు కరిగించి పెట్రోల్లో కలిపి పూయండి. పెట్రోలు ఆవిరైపోతుంది, మైనం గుడ్డలో ఉండిపోతుంది. ఒక్క పూట పని.

ఆటోనగర్_కుర్రాడు · పీణ్య · రాత్రి 10:15

అన్నా, ఏదైనా పూసే ముందు ఒక్క మాట వినండి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ పట్టలు కుట్టారు. నూలు పట్టలో వానను ముందు ఆపేది నూలే, పూత తర్వాతి సంగతి. తడి తగిలితే దారం ఉబ్బి పోగుకూ పోగుకూ మధ్య సందు మూసుకుంటుంది. అటక మీద అన్నేళ్లు ఎండిన గుడ్డకు ఆ సందులన్నీ తెరుచుకుని ఉంటాయి కాబట్టి మొదటి వానకు కారక తప్పదు.

డేరాను కట్టి పైపుతో పూర్తిగా తడపండి. బాగా ఎండనివ్వండి. మళ్లీ తడపండి. ఇలా మూడుసార్లయ్యాక లోపలికి వెళ్లి ఇంకా కారుతున్న చోటల్లా సుద్దముక్కతో చుట్టూ గీయండి. మీకు నిజంగా పని ఉన్నది అక్కడే.

తడిపేటప్పుడు తాళ్లు వదులు చేయడం మర్చిపోకండి. నూలు తాడు తడిస్తే బిగుసుకుని కురచవుతుంది. రాత్రి వానలో అలాగే వదిలేస్తే గూటం ఊడుతుంది, లేకపోతే మూల దగ్గర గుడ్డ చిరుగుతుంది. మా నాన్న దగ్గరికి వచ్చే పాత డేరాలన్నిటికీ మూలలే పోయి ఉండేవి.

కెమిస్ట్రీ_టీచరమ్మ · జయనగర్ · రాత్రి 10:52

ట్రెక్కర్ తమ్ముడూ, ఆ పెట్రోలు మాట దయచేసి తీసేయి. ఇది చదివి ఎవరో ఒకరు ఫ్లాటు బాల్కనీలో మొదలుపెడతారు. కరిగించిన మైనం పొయ్యి పక్కన ఉండగా పెట్రోలు మూత తీస్తే ఆ ఆవిరి నేల వెంబడి పాకి మంట దగ్గరికి తనే వెళ్తుంది. ఇక ఎండిన తర్వాత ఆ గుడ్డ ఒక పెద్ద వత్తి. 1944 జులై 6న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక సర్కస్ డేరా కొన్ని నిమిషాల్లో తగలబడి 160 మందికి పైగా చనిపోయారు. దానికి పూసింది పారఫిన్ మైనం కలిపిన పెట్రోలే. మన బెంగళూరులో కూడా 1981 ఫిబ్రవరిలో సర్కస్ డేరా కాలి తొంభై మంది దాకా పోయారు. ఎక్కువమంది పిల్లలు. ఈ ఊళ్లో మా వయసు వాళ్లకు అది ఇంకా గుర్తుంది.

కిరోసిన్ కలిపినా ఇంతే. అవిసె నూనె పూయమని కూడా ఎవరో చెబుతారు. అది గాలికి ఎండి పొరలా గట్టిపడే నూనె, నిజంగానే నీళ్లను ఆపుతుంది. కానీ ఎండేటప్పుడు వేడి పుట్టిస్తుంది. పూసిన గుడ్డపీలికలను ఉండచుట్టి మూలన పడేస్తే నిప్పు లేకుండానే అంటుకుంటాయి. పిల్లలు పడుకునే డేరాకు నేనైతే వద్దంటాను. కొబ్బరి నూనె, పల్లీ నూనె ఎప్పటికీ ఎండవు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టించుకుంటాయి.

మిద్దెమీద_డేరా గారూ, మీ డేరా ధారగా కారడానికి కారణం మీ పోస్టులోనే ఉంది. డిటర్జెంట్. అది నీటిని గుడ్డలోకి లాగే పదార్థం, దాని పనే అది. గుడ్డలో కాస్త మిగిలినా చాలు, పడిన ప్రతి చినుకూ లోపలికి దిగుతుంది. పాత పూత ఏదైనా మిగిలి ఉంటే అది కూడా ఆ ఉతుకులో పోయి ఉంటుంది. ముందు నురుగు రాకుండా పోయేదాకా ఉత్త నీళ్లతో జాడించండి.

వీకెండ్_ట్రెక్కర్ · వైట్‌ఫీల్డ్ · రాత్రి 11:05

మేడమ్, సారీ. హార్ట్‌ఫర్డ్ సంగతి నాకు తెలియదు. పెట్రోలు పద్ధతి ఎవరూ చేయకండి. సిలికాన్ సంగతి మాత్రం నేను ఇంకా నమ్ముతున్నాను, నా షీటు సాక్ష్యం ఉంది.

ఆటోనగర్_కుర్రాడు · పీణ్య · రాత్రి 11:20

తమ్ముడూ, నైలాన్‌కు నువ్వు చేసింది సరైనదే. నూలుకు వచ్చేసరికి చిక్కు ఉంది. పోగులు ఊపిరి పీల్చుకునే గుడ్డ అది. రబ్బరులాంటి పొర వేస్తే లోపల నలుగురు పడుకున్నప్పుడు వచ్చే చెమ్మంతా కప్పుకు పట్టి చుక్కలుగా కిందికే పడుతుంది. పైగా సిలికాన్ ఒకసారి పట్టాక దాని మీద సిలికాన్ తప్ప ఇంకేదీ అంటుకోదు. రేపు పద్ధతి మార్చుకోవాలన్నా కుదరదు. మిద్దెలకు వేసే వాటర్‌ప్రూఫ్ పెయింటు కూడా కొందరు పూస్తారు. అది మడత పెట్టిన చోటల్లా పగిలి పెంకులు రాలుతుంది. సిలికాన్ కింద పరిచే పట్టకు పూయండి, అక్కడ ఊపిరి అక్కర్లేదు.

మిద్దెమీద_డేరా · కేఆర్ పురం · సెప్టెంబరు 8, సాయంత్రం 6:40

రెండు రోజులుగా జాడిస్తున్నాను. ఏడో నీళ్లకు నురుగు ఆగింది. కుర్రాడు తమ్ముడు చెప్పినట్టు మూడుసార్లు తడిపి ఎండబెట్టాను. ఆశ్చర్యంగా ఉంది: మొదటిసారి ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కే లేదు, మూడోసారికి సుద్ద గుండ్రాలు పద్నాలుగే. అందులో పదకొండు కుట్ల మీదే. మిగతా మూడూ గుంజ రాసుకుని గుడ్డ పల్చబడ్డ చోట్లు.

అయినా చుక్క పడకపోయినా గుడ్డ మొత్తం తడిసి బరువెక్కుతోంది. పై నుంచి చూస్తే నీళ్లు జారిపోవడం లేదు, ఇంకుతున్నాయి. టీచరమ్మ గారూ, దీనికి ఏదైనా ఉందా? మా ఆవిడ గంజి పెడితే ఎలా ఉంటుందని అడుగుతోంది.

కెమిస్ట్రీ_టీచరమ్మ · జయనగర్ · సెప్టెంబరు 8, రాత్రి 8:10

గంజి వద్దమ్మా. వానకు కరిగిపోతుంది, మిగిలింది బూజుకు మేత.

మీకు కావలసినవి పటిక, సబ్బు. ఇది చాలా పాత పద్ధతి, కెమిస్ట్రీ కూడా పిల్లలకు చెప్పేంత సులువు. సబ్బు నీళ్లలో కరుగుతుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది. సబ్బు పట్టిన గుడ్డకు పటిక నీళ్లు తగిలితే సబ్బులోని కొవ్వు ఆమ్లం సోడియంను వదిలి అల్యూమినియంను పట్టుకుంటుంది. అలా పుట్టిన కొత్త సబ్బు నీళ్లలో కరగదు, నీళ్లంటే దానికి పడదు. మైనంలా పోగుల మీద సన్నగా అతుక్కుంటుంది గానీ సందులను పూడ్చేయదు. అందుకే గుడ్డకు గాలి ఆడుతుంది, మెత్తగానూ ఉంటుంది.

మీ బాత్రూం బకెట్ అంచుకు తెల్లగా గార కడుతుందే, అదీ ఈ జాతిదే. బోరు నీళ్లలోని కాల్షియం మీ ఒంటి సబ్బుతో కలిసి చేసేది. దాని మీద నీళ్లు పోసి చూడండి, ముత్యాల్లా జారిపోతాయి. ఇందులోనే ఒక జాగ్రత్త కూడా ఉంది. ఈ పనికి బోరు నీళ్లు వాడితే సబ్బు గుడ్డలోకి వెళ్లకముందే బకెట్లో గారగా విరిగిపోతుంది. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు గానీ, ఇంకా మంచిది వాన నీళ్లు గానీ పట్టుకోండి.

కొలత: సబ్బు రెండు పాళ్లు, పటిక ఒక పాలు. అరకిలో సబ్బు తురిమి ఎనిమిది లీటర్ల వేడినీళ్లలో కరిగించండి. పావుకిలో పటిక పొడిచేసి ఇంకో నాలుగు లీటర్ల వేడినీళ్లలో విడిగా కరిగించండి. రెంటినీ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపకండి, విరిగి పనికిరాకుండా పోతాయి. ముందు సబ్బునీళ్లు గుడ్డ నిండా పట్టించి కాస్త ఆరనివ్వాలి. పూర్తిగా ఎండక్కర్లేదు. తర్వాత పటికనీళ్లు. రెండు గంటలాగి ఉత్త నీళ్లతో ఒక్కసారి తేలిగ్గా కడగండి. ఈ కడగడం మానొద్దు. పటిక పుల్లటిది, గుడ్డలో మిగిలితే ఏళ్ల మీద నూలును పెళుసు చేస్తుంది. పటిక వాడి చేసిన పాత కాగితాలు పట్టుకోగానే విరిగిపోవడానికి ఒక కారణం ఆ పులుపే.

సబ్బు మాత్రం అసలు సబ్బే కావాలి. బట్టల డిటర్జెంట్ బార్ పటికతో ఇలా పనిచేయదు. ఒంటి సబ్బు కవరు మీద టీఎఫ్ఎమ్ అని అంకె ఉంటుంది, అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో. అది 76 గానీ అంతకు మించి గానీ ఉంటే గ్రేడ్ 1. అది తీసుకోండి.

పాత పుస్తకాల్లో పటికతో పాటు సీసం ఉప్పు కలపమని రాసి ఉంటుంది. అది విషం. దాని జోలికి పోకండి.

షామియానా_పెరంబూరు · చెన్నై · సెప్టెంబరు 8, రాత్రి 9:35

అన్నయ్యా, మాది షామియానా, పందిరి సప్లై. నెల్లూరు నుంచి వచ్చి పాతికేళ్లు. చెన్నైలో మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా కాలమంతా గాలిలోనే తేమ. నీళ్ల కన్నా బూజు వల్ల మేం పోగొట్టుకున్న గుడ్డ ఎక్కువ. అందుకే బూజు సంగతి చూడకుండా పైన పటిక పూయొద్దని చెప్పడానికి వచ్చాను. లోపల బూజు బతికి ఉంటే పైపూత కింద హాయిగా తింటుంది.

ఎండలో ఆరేసి ముందు పొడిగా బ్రష్షుతో దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని. పాత ఆఫీసు డేరాల్లో, ముఖ్యంగా ఆకుపచ్చ వాటిలో, కుళ్లకుండా రాగి మందు పట్టించి ఉండొచ్చు. ఆ దుమ్ము పీల్చొద్దు. తర్వాత తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు కలిపి మచ్చల మీద రాసి గంట ఉంచి కడిగేయండి. రెండు పూటలు ఎండ. మచ్చ రంగు పోకపోయినా ఫర్వాలేదు, వాసన పోవాలి. తెల్లబడాలని బ్లీచింగ్ మాత్రం వేయకండి. మా దగ్గర ఒక కుర్రాడు వేశాడు, తర్వాత నెల గాలికి ఆ పట్ట నిలువునా చిరిగింది.

ఇంకో సంగతి. మచ్చలున్న చోట వేలిగోటితో గీకి చూడండి. పీచు పొడిపొడిగా వస్తే ఆ గుడ్డ చచ్చిపోయినట్టే. ఏ పూతా దాన్ని బతికించదు, కత్తిరించి అతుకు వేయాల్సిందే.

తీరం_వాడు · రాయపురం, చెన్నై · సెప్టెంబరు 8, రాత్రి 10:20

బూజు మాట వచ్చింది కాబట్టి. మాది బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు. మా తాతల కాలంలో వలలు నూలువే. ఉప్పునీళ్లలో రోజూ నానే నూలు కుళ్లకుండా తుమ్మ చెక్క దంచి నీళ్లలో ఉడకబెట్టి, ఆ ఎర్రటి కషాయంలో వలను ముంచి ఆరేసేవారు. కొన్ని వారాలకోసారి మళ్లీ అదే పని. నైలాన్ వలలు వచ్చాక ఆ గంగాళాలు మూలపడ్డాయి. మా నాయనమ్మ చేతి గీతల్లో ఆ ఎరుపు చివరిదాకా ఉండేదని మా అమ్మ చెబుతుంది.

ఇది వానను ఆపదు, కుళ్లును ఆపుతుంది. డేరా కింది అంచు నేలకు తగిలి ఎప్పుడూ తడిగా ఉంటుంది కదా, ఆ జానెడు పట్టీ వరకు చేస్తే మేలు. రంగు గోధుమగా మారుతుంది, దానికి సిద్ధపడాలి. తుమ్మ చెక్క దొరక్కపోతే మూలికల కొట్లో కరక్కాయ అడగండి, అదీ వగరు నిండిన కాయే.

కుట్టుపని_హెబ్బాళ్ · బెంగళూరు · సెప్టెంబరు 9, ఉదయం 6:55

పద్నాలుగు గుండ్రాల్లో పదకొండు కుట్ల మీదే అన్నారు కదా, అన్నయ్యా, ఆ కుట్టు ఏ దారంతో ఉందో చూశారా? మధ్యలో ఎవరైనా పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టించి ఉంటే కారేది అక్కడే. నూలు దారం తడిస్తే ఉబ్బి సూది చేసిన రంధ్రాన్ని తనే మూస్తుంది. పాలిస్టర్ ఉబ్బదు, రంధ్రం రంధ్రంలాగే ఉంటుంది. దారం కొస ఒక్కటి తెంపి అగ్గిపుల్లకు చూపించండి. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది.

పాలిస్టర్ అయినా విప్పక్కర్లేదు. పాత గుడ్డలో సూది ఎన్నిసార్లు దిగితే అన్ని కొత్త రంధ్రాలు. తేనె మైనం ముద్ద తీసుకుని కుట్టు మీద బయటివైపు గట్టిగా రుద్దండి, తర్వాత ఇస్త్రీ పెట్టె సన్న వేడి మీద, మధ్యలో పాత నూలు గుడ్డ వేసి, ఒక్క ఒత్తు. మైనం సుమారు 62 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఎక్కువ వేడి వద్దు. రంధ్రాల్లోకి దిగి అక్కడే గడ్డకడుతుంది. పెట్రోలు లేదు, కిరోసిన్ లేదు. చిక్‌పేట వైపు గ్రంథిగె అంగడి అని ఇక్కడివాళ్లు పిలిచే కొట్లలో పటిక, తేనె మైనం రెండూ అడగండి.

ఎలుక కొరికిన చోటికి కొత్త కాన్వాసు ముక్క వేసేట్టయితే ముందు దాన్ని వేడినీళ్లలో నానబెట్టి ఎండబెట్టండి. లేకపోతే మొదటి వానకు ఆ ముక్క ఒక్కటే కుంచించుకుపోయి చుట్టూ పాత గుడ్డను ముడతలు పెడుతుంది. ఇంకా మంచిది డేరాలోదే కింది పట్టీ నుంచి కోసుకోవడం. ముక్క అంచులు లోపలికి మడిచి, దబ్బనంతో, మైనం రుద్దిన నూలు దారంతో కుట్టండి. పై అంచు మీద నీళ్లు నిలవకుండా ముక్కను కాస్త ఏటవాలుగా పెట్టండి.

మిద్దెమీద_డేరా · కేఆర్ పురం · సెప్టెంబరు 14, మధ్యాహ్నం 3:30

చెప్పినవన్నీ ఒక్కసారిగా డేరా మీద చేయడానికి మనసొప్పలేదు. నేలకు ఆనే పట్టీ నుంచి జేబురుమాలంత ముక్కలు మూడు కోసి ముందు వాటి మీద చూశాను. ఒకటి ఉత్తది. ఒకటి పటిక, సబ్బు. ఒకటి ఇస్త్రీ పెట్టెతో మొత్తం మైనం పట్టించింది. మూడింటినీ మూడు స్టీలు గ్లాసుల మీద కాస్త పల్లంగా ఉండేలా రబ్బరు బ్యాండ్లతో బిగించి, ఒక్కోదానిలో నాలుగు చెంచాల నీళ్లు పోసి రాత్రంతా వదిలేశాను.

ఉత్త ముక్కలో నీళ్లు పది నిమిషాల్లో గ్లాసులోకి దిగిపోయాయి. తెల్లారి లేచి చూస్తే పటిక ముక్క మీద నీళ్లు అద్దంలా అలాగే నిలిచి ఉన్నాయి. వేలితో కదిపితే తామరాకు మీద బొట్టులా అటూ ఇటూ పరుగెత్తాయి. గుడ్డ అడుగున చిరుచెమట పట్టింది గానీ గ్లాసులో చుక్క లేదు. మైనం ముక్క అడుగున ఆ చెమట కూడా లేదు. కానీ దాన్ని నాలుగు మడతలు పెట్టి విప్పి మళ్లీ కట్టాను. మడత పడిన గీత తెల్లగా పగిలింది, ఆ గీత వెంట మధ్యాహ్నానికి నీళ్లు దిగాయి. పటిక ముక్కను అలాగే మడిచి కట్టాను, తేడా లేదు. పైగా మైనం ముక్క అట్టలా అయింది, బరువు చేతికే తెలుస్తోంది.

కాబట్టి నా నిర్ణయం: గుడ్డ మొత్తానికి పటిక, కుట్లకు మాత్రమే మైనం. దారం కాల్చి చూశాను, పూస కట్టింది. వెన్నుకర్ర మీది కుట్టు ఎవరో పాలిస్టర్‌తో వేసిందే. నాన్నగారిని అడిగితే 1990లో టైలరుతో కుట్టించానన్నారు.

మా వీధిలో బోరు నీళ్లే. మొన్నటి వానకు మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టి నిండుగా పట్టుకున్నాను.

మిద్దెమీద_డేరా · కేఆర్ పురం · సెప్టెంబరు 21, రాత్రి 8:05

నిన్న, ఇవాళ పని జరిగింది. డేరా ఆరినప్పుడు పదమూడు కిలోలుంది, దానికి కిలోంపావు సబ్బు, అరకిలో పైన పటిక పట్టింది. తొట్టిలో ముంచితే తిప్పడం కష్టమని కట్టిన డేరా మీదే సున్నం బ్రష్షుతో కొట్టాను. నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఎక్కడ పొడిగా మిగిలిందో చెబుతూ వచ్చారు.

సబ్బునీళ్లు చల్లారితే జావలా చిక్కబడుతున్నాయి, బ్రష్షు లాగదు. బకెట్ కింద వేడినీళ్ల గంగాళం పెట్టుకుంటే పని సాఫీగా సాగింది. పటికనీళ్లు తగలగానే గుడ్డ మీద పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు కట్టాయి. కంగారు పడ్డాను గానీ అదే కావాల్సిందని టీచరమ్మ గారు ముందే రాశారు కదా. ఎక్కువైన చోట్ల మాత్రం తడిగా ఉండగానే తుడిచేయాలి. నేను కుడి వాలు మీద ఆలస్యం చేశాను, అక్కడ తెల్లటి చారలు మిగిలిపోయాయి. కడిగినా పోలేదు.

ఇవాళ సాయంత్రం ఎండిన తర్వాత పైపుతో కొట్టాం. నీళ్లు గుడ్డ మీద నిలవలేదు, గుండ్లుగా దొర్లుకుంటూ పోయాయి. నాన్నగారు లేచి వచ్చి చేత్తో తడిమి చూశారు.

వీకెండ్_ట్రెక్కర్ · వైట్‌ఫీల్డ్ · రాత్రి 8:30

సూపర్ అన్నా! గ్లాసుల పరీక్ష చదివాక నేనూ మా పాత కాన్వాస్ బ్యాగుకు చేశాను. పని చేస్తోంది. కింద పట్టకు సిలికాన్ కావాలంటే చెప్పండి, శనివారం వచ్చి నేనే పూసిపెడతాను. కేఆర్ పురం మాకు దగ్గరే.

ఆటోనగర్_కుర్రాడు · పీణ్య · రాత్రి 9:10

చాలా సంతోషం అన్నా. తోటకు వెళ్లే ముందు రెండు మాటలు. తడిసిన గుడ్డను లోపలి నుంచి ఎవరూ ముట్టుకోకూడదు, పరుపులు గోడకు ఆనకూడదు. పైన నిలిచిన నీటికి ఒక్క వేలు తగిలినా లోపలికి దారి దొరుకుతుంది. పిల్లలకు ముందే చెప్పండి. పొరపాటున తగిలి చుక్క మొదలైతే ఆ చోటు నుంచి వేలిని గుడ్డ మీదే కిందికి, గోడ అంచు దాకా, గీతలా లాగండి. నీళ్లు ఆ గీత పట్టుకుని అంచుకు పోతాయి.

పొయ్యి, దోమల చుట్ట, కొవ్వొత్తి లోపల వద్దు. పటిక పూత మంటను ఆపదు, నూలు నూలే.

మిద్దెమీద_డేరా · కేఆర్ పురం · అక్టోబరు 6, ఉదయం 10:15

నిన్న రాత్రే తిరిగొచ్చాం. వివరంగా రాయాలని పొద్దున్నే కూర్చున్నాను.

మొదటి రాత్రి వాన లేదు, మంచు మాత్రం బాగా కురిసింది. తెల్లారి డేరా బయట తడి, లోపల పొడి. రెండో రాత్రి ఒంటిగంట దాటాక పట్టుకుంది. రెండు గంటలు ఆగకుండా కొట్టింది. నాన్నగారు నాకన్నా ముందే లేచి తాళ్లు వదులు చేయమని కేకేశారు. పగలు ఆయన చెప్పి చేయించిన పని ఒకటుంది: డేరా చుట్టూ జానెడు లోతు గాడి తవ్వి పల్లం వైపు వదిలాం. సర్వే క్యాంపుల్లో డేరా లేచిన వెంటనే మొదటి పని అదేనట. నీళ్లన్నీ ఆ గాడిలోంచే పోయాయి, కింద పట్ట చివరిదాకా పొడిగా ఉంది. ట్రెక్కర్ తమ్ముడు శనివారం చెప్పినట్టే వచ్చి పూసిన పట్ట అది, థాంక్స్ తమ్ముడూ.

కప్పు నుంచి పడినవి రెండే చోట్ల. ముందు గుంజ తల దగ్గర, గుడ్డ రాసుకుని పల్చబడ్డ చోట ఒకటి. అక్కడ లోపల తోలుముక్క కుట్టాలి. రెండోది మా చిన్నాడి వల్ల. నిద్రలో కాలు చాచి వాలు గుడ్డకు ఆనించాడు, టపటపా మొదలైంది. నేను వేలితో గీత లాగుదామని లేచేసరికి నాన్నగారు చీకట్లోనే చెయ్యెత్తి, ఎక్కడ తడిసిందో తడుముకుని, కిందికి గీసేశారు. చుక్క ఆగింది. తర్వాత ఆయన వాన తగ్గేదాకా పడుకోలేదు. ఏ కాలువ మీద ఏ ఏడు ఏ వానలో ఈ డేరాలో ఎవరెవరు ఉన్నారో చెబుతూ ఉన్నారు. చిన్నాడు వింటూ వింటూ ఆయన పక్కనే నిద్రపోయాడు.

ఎలుక కొరికిన చోట వేసిన అతుకులోంచి ఒక్క చుక్క రాలేదు. కుట్టుపని అక్కా, మైనం దారం పని అది.

తడి డేరాను మడిచే కారులో వేసుకురావాల్సి వచ్చింది. రాగానే మిద్దె మీద తీగలకు వేశాను. పైకి పొడిగా అనిపిస్తోంది గానీ కుట్ల దగ్గర చెయ్యి పెడితే ఇంకా చల్లగా ఉంది. ఇంకో సందేహం: మూలల్లో తాళ్లు దూర్చే ఇనప రింగులు, అదే ఐలెట్లు, తుప్పు పట్టి చుట్టూ గుడ్డ ఎర్రబడింది, నాలుగు మార్చాలి. ఎక్కడ దొరుకుతాయి?

షామియానా_పెరంబూరు · చెన్నై · అక్టోబరు 6, ఉదయం 11:02

చల్లగా ఉందంటే లోపల తడి ఉన్నట్టే అన్నయ్యా. కుట్టు చల్లదనం పోయేదాకా, రెండు ఎండలైనా సరే, మడవొద్దు. తర్వాత నూలు సంచిలో పెట్టండి, పాలిథీన్‌లో కాదు. ఐలెట్లు ఇత్తడివి వేయించండి. ఇనుము తుప్పు నూలును తినేస్తుంది.

కుట్టుపని_హెబ్బాళ్ · బెంగళూరు · అక్టోబరు 6, మధ్యాహ్నం 12:20

ఎస్పీ రోడ్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో ఇత్తడి ఐలెట్లు, వాటిని బిగించే పంచ్ అడగండి. ఎర్రబడిన గుడ్డ మీదే మళ్లీ బిగించకండి, అది ఊడొస్తుంది. వెనక రెండు మడతల కాన్వాసు ముక్క వేసి, ముందు చుట్టూ కుట్టి, అప్పుడు రంధ్రం చేయండి. గుంజ తలకు తోలు మా దగ్గర ఉంది, పాత బ్యాగుది. ఆదివారం డేరా ఆరి ఉంటే తీసుకురండి అన్నయ్యా, మిషను కిందికి పట్టదు గానీ దబ్బనంతో ఇద్దరం కూర్చుంటే గంట పని.